కాలువగట్టు మీది ఆస్పత్రి

జిగట విరేచనాలే అనుకుని వైద్యం చేశారు. అది పెద్దపేగు చివర పుట్టిన క్యాన్సర్ అని తేలేసరికి చేయి దాటిపోయింది. 1923లో అలా కన్నుమూసిన అమ్మాయి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు. ముత్తులక్ష్మి మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుని అప్పటికే పదేళ్లు దాటింది. డాక్టరున్న ఇంట్లోనే జబ్బు ఆనవాలు దొరకలేదంటే, పల్లెల్లో రాచపుండు వచ్చినవాళ్ల సంగతి చెప్పేదేముంది? చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కథ ఆ చావుతోనే మొదలైంది.

ముత్తులక్ష్మి పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మద్రాసు శాసనమండలిలో కూర్చున్న తొలి మహిళ, దేవదాసీ వ్యవస్థ మీద అలుపు లేకుండా పోరాడిన మనిషి. 1935లో మెడికల్ కాలేజీ శతవార్షికోత్సవంలో క్యాన్సర్‌కు ప్రత్యేక ఆస్పత్రి కావాలని అడిగారు. ఆ జబ్బు వచ్చినవాళ్లు ఎలాగూ పోతారు, ఆస్పత్రి ఎందుకన్నదే అప్పటి పెద్దల ధోరణి. ప్రభుత్వాన్ని నమ్ముకుంటే లాభం లేదని తేలాక, 1949లో మహిళా భారతీయ సంఘం తరఫున క్యాన్సర్ సహాయ నిధి మొదలుపెట్టి చందాలు పోగుచేశారు. 1952 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న 12 పడకలతో వైద్యం మొదలైంది.

ఈ రెండు తేదీల మధ్యే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పునాదిరాయి వేసిన నాటికి నెల్లూరు, కడప, చిత్తూరు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే. తలుపులు తెరిచేసరికి పొరుగు రాష్ట్రానివి. జబ్బుపడినవాళ్లు మాత్రం సరిహద్దు చూసుకోలేదు. ఆస్పత్రి పాత ఆవరణ పక్కన పారేది కూడా మన కోస్తా వెంట వచ్చే బకింగ్‌హామ్ కాలువే.

మొదట్లో ఉన్నది ఇద్దరు డాక్టర్లు. ఒకరు ముత్తులక్ష్మి కొడుకు కృష్ణమూర్తి, రెండోవారు శాంత. ఎగ్మూరు మహిళా, శిశు ఆస్పత్రిలో సర్కారీ కొలువు చేతికొచ్చినా వదులుకుని 1955లో ఇక్కడికి వచ్చారామె. మూడేళ్లు జీతం లేదు. తర్వాత నెలకు 200 రూపాయలు, ఆవరణలోనే ఒక గది. 2005లో మెగసెసే అవార్డు వచ్చినా, 2021 జనవరి 19న పోయేదాకా ఆమె మకాం అదే ఆవరణ. సి.వి. రామన్ బంధువు అని ఆమెను పరిచయం చేయడం పత్రికలకు అలవాటు; ఆ పరిచయం ఆమెకు అక్కర్లేదు.

రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ యంత్రాల్లో ఆసియాలో తొలివాటిలో ఒకటి ఇక్కడికే వచ్చింది. 1960లో పిల్లల క్యాన్సర్‌కు విడిగా క్లినిక్ పెట్టారు. 1984లో దేశంలోనే మొదటిసారిగా క్యాన్సర్ వైద్యంలో సూపర్ స్పెషాలిటీ చదువులు మొదలయ్యాయి. ఇవన్నీ గొప్పలే. అయితే రోగి పక్కన కూర్చున్న మనిషికి వీటికంటే పనికొచ్చేది మాట సాయం.

మనవాళ్లు రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. షాక్ కొడుతుందేమోనన్న భయం ఆ మాటలోనే ఉంది. నొప్పి ఉండదని, కొద్ది నిమిషాలు కదలకుండా పడుకుంటే చాలని ముందే చెబితే సగం బెదురు తగ్గుతుంది. చర్మం మీద గీసిన రంగు గుర్తులు స్నానంలో చెరిగిపోకూడదని చెప్పాలి. నోటికి రేడియేషన్ తీసుకునేవారికి పుండ్లు పడతాయి, కారం తగలకూడదు, గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. రొమ్ము తీసేసిన తర్వాత చేయి పైకెత్తే వ్యాయామం మానేస్తే భుజం బిగుసుకుపోతుంది. ఇవన్నీ ఒక్కసారి చెబితే చెవికెక్కవు. రోగులకూ వాళ్ల ఇంటివాళ్లకూ కౌన్సెలింగ్ చేసేందుకు సంస్థలో ప్రత్యేక విభాగమే ఉంది. పొగాకు మాన్పించే కేంద్రమూ ఉంది. రోగుల్లో సుమారు 60 శాతం మందికి ఉచితంగానో, తక్కువ ఖర్చుకో వైద్యం అందుతోంది.

ఇక్కడి నుంచే నడిచే మద్రాసు ట్యూమర్ రిజిస్ట్రీ 1980ల తొలి నాళ్ల నుంచి నగరంలో ఎవరికి ఏ క్యాన్సర్ వస్తోందో నమోదు చేస్తోంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతూ, రొమ్ము క్యాన్సర్ పెరుగుతూ వచ్చిందని ఆ లెక్కలే చూపించాయి.

నెల్లూరు, గూడూరు నుంచి చెన్నై రైలెక్కేవారికి ఒక కబురు. చికిత్సకో, చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ మీద పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఆస్పత్రి డాక్టర్ సంతకం, ముద్ర ఉన్న రాయితీ పత్రం కౌంటర్లో చూపాలి. వేరే చోట బయాప్సీ అయి ఉంటే రిపోర్టు ఒక్కటే తీసుకెళితే చాలదు. తీసిన ముక్క స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకుని వెళ్లాలి. లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు.