ఓడ వయసు ఎవరి లెక్క? షారెట్ – వెలోస్ సేవాకాలంపై పునర్విచారణ

విశాఖపట్నంలో నౌకాదళం నుంచి పదవీ విరమణ చేసినవారితో కొన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. ఏ ఓడ గురించి అడిగినా వారి జవాబులో ఒకే తీరు కనిపిస్తుంది. ఓడ వయసెంత అంటే అది నీళ్ళలోకి దిగిన ఏడాది చెప్పరు. తాము ఆ ఓడ ఎక్కిన ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టి, దిగిన రోజుతో ముగిస్తారు. అంతకు ముందు ఆ ఓడకు ఇంకో దేశంలో ఇంకో పేరు ఉండేదని గుర్తుచేస్తే, పెళ్ళయి వచ్చిన కోడలి పుట్టింటి కబురు విన్నట్టు తల ఊపి ఊరుకుంటారు. మొదట్లో దీన్ని జ్ఞాపకాల పరిమితి అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట కొట్టేశాను. ఓడ సేవాకాలాన్ని లెక్కగట్టే పద్ధతి అమెరికా రికార్డుల గదిలో కన్నా ఆ పెద్దల మాటల్లోనే సరిగా ఉందని నాకు అనిపించింది. ఆ అనుమానాన్ని ఒక అమెరికన్ డిస్ట్రాయర్ మీద పరీక్షించడమే ఈ వ్యాసం పని.

1971 డిసెంబరులో మన తీరంలో మునిగిన పాకిస్తాన్ నౌక ఘాజీ సంగతి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అది డయాబ్లో అన్న పేరుతో అమెరికాలో పుట్టిన జలాంతర్గామి. విశాఖలో ఆ పేరు చెబితే గుర్తుపట్టేవారు అరుదు. ఘాజీ అంటే బీచ్ రోడ్డులో ఎవరైనా దారి చూపిస్తారు. పుట్టిన పేరు, పోయిన పేరు – ఈ రెంటిలో చరిత్ర దేన్ని పట్టుకోవాలన్న ప్రశ్న నాకు మొదట అక్కడే ఎదురైంది.

నేను తీసుకున్న ఓడ పేరు షారెట్, సంఖ్య డిడి-581. ఫ్లెచర్ తరగతి. బోస్టన్ నేవీ యార్డులో 1941 ఫిబ్రవరిలో అడుగు కట్టారు, 1942 జూన్ 3న నీటిలోకి దింపారు, 1943 మే 18న కొలువులోకి తీసుకున్నారు. 1898 స్పెయిన్ యుద్ధంలో శాంటియాగో రేవు మూతిని మూసెయ్యడానికి మెరిమాక్ అనే బొగ్గు ఓడను తామే ముంచబోయిన ఎనిమిది మందిలో ఒకడైన జార్జ్ షారెట్ పేరు పెట్టారు.

ఈ ఓడ గురించి అందరూ ఆధారపడే రచన అమెరికా నౌకాదళ చరిత్ర విభాగం ప్రచురించిన ‘డిక్షనరీ ఆఫ్ అమెరికన్ నేవల్ ఫైటింగ్ షిప్స్’. పూర్వ పరిశోధన అంతటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. తర్వాత వచ్చిన రచనల్లో చాలా భాగం ఈ నిఘంటువును తిరగరాసినవే కాబట్టి వేరును పట్టుకుంటే చాలు. దాని అచ్చు అందరికీ తెలిసిందే. ఎవరు కట్టారు, ఎవరు నీటిలోకి దింపారు, మొదటి కమాండర్ ఎవరు, ఏ దాడిలో ఎక్కడ ఉంది, చివర యుద్ధ ఘట్టాలకు ఇచ్చే బ్యాటిల్ స్టార్లు ఎన్ని. షారెట్‌కు 13. ఓడను మరో దేశానికి అప్పగించాక కథ ఒక వాక్యంలో తేలిపోతుంది. షారెట్ ఉన్న సంపుటం 1963లో వచ్చింది కాబట్టి తర్వాతి సంగతులు అందులో ఉండే వీలు లేదన్నది నిజమే. నా గొడవ ఆ సంపుటంలో ఏం లేదన్న దానితో కాదు, ఆ అచ్చుతోనే. ఓడ జీవితాన్ని నక్షత్రాల లెక్కతో ముగించవచ్చని అది మూడు తరాల పరిశోధకులకు నేర్పింది. సేవ అనే మాటకు ఒక జెండా కింద చేసిన యుద్ధం అని అర్థం కట్టి, మిగతాదంతా అనుబంధంలోకి తోసేసింది.

కాలాన్ని కొలిచి చూద్దాం. 1943 మే నుంచి 1947 జనవరి 15న రిజర్వులోకి నెట్టేదాకా షారెట్ అమెరికా కొలువు 3 సంవత్సరాల 8 నెలలు. తర్వాత 12 ఏళ్ళకు పైగా సిబ్బంది లేకుండా రిజర్వులో కట్టేసి ఉంది. 1959 జూన్ 16న లాంగ్ బీచ్‌లో గ్రీకు నౌకాదళం చేతిలోకి వెళ్ళి, వెలోస్ అన్న పేరుతో 1991 ఫిబ్రవరి 26 దాకా పనిచేసింది. అంటే 31 సంవత్సరాల 8 నెలలు. మొత్తం ఆయుష్షులో అమెరికన్లు నడిపిన కాలం 13వ వంతు మాత్రమే, గ్రీకులు నడిపింది మూడింట రెండు వంతులు. ఒక మనిషి బతుకులో మూడింట రెండు వంతులను ఒక్క వాక్యానికి కుదిస్తే దాన్ని జీవితచరిత్ర అని ఎవరూ అనరు.

పసిఫిక్‌లో షారెట్ చేసినది చిన్నదేమీ కాదు. గిల్బర్ట్ దీవుల నుంచి ఫిలిప్పీన్స్ దాకా విమానవాహక నౌకలకు కాపలా కాసింది. 1944 ఫిబ్రవరిలో ఫెయిర్ అనే మరో అమెరికన్ ఓడతో కలిసి ఒక జపాన్ జలాంతర్గామిని ముంచింది. అయితే నాకు ముఖ్యమనిపించిన ఘట్టం యుద్ధం ముగియడానికి రెండు వారాల ముందుది. 1945 ఆగస్టు 3న బాండా సముద్రంలో షారెట్, తన తోటి ఓడ కానర్ కలిసి తచిబానా మారు అనే జపాన్ ఆసుపత్రి ఓడను ఆపి సోదా చేశాయి. రోగుల వేషంలో 1500 మందికి పైగా సైనికులు, రెడ్ క్రాస్ గుర్తున్న పెట్టెల్లో ఆయుధాలు బయటపడ్డాయి. ఓడను మొరొటాయ్‌కి పట్టుకెళ్ళారు. నక్షత్రాల లెక్కలో ఇలాంటి పనికి విడిగా గడి లేదు. పైకి కనిపించే గుర్తు ఒకటి, లోపలి నిజం ఇంకొకటి అయిన ఓడను ఆపి తలుపులు తెరిపించడం తుపాకీ పని కాదు, వివేచన పని. ఈ ఓడ స్వభావం అప్పుడే తెలిసిందని నేను నమ్ముతాను.

ఆ రెండు ఓడలూ 1959లోనే గ్రీసుకు వెళ్ళాయి. కానర్‌కు ఆస్పిస్ అని పేరు పెట్టారు, అంటే డాలు. షారెట్ వెలోస్ అయింది, అంటే బాణం. తర్వాత వచ్చిన హాల్ లొన్ఖి అయింది, ఆలిక్ స్ఫెండోని అయింది – బల్లెం, వడిసెల. ఇవి అప్పటికప్పుడు పెట్టిన పేర్లు కావు. 20వ శతాబ్దం తొలి దశకంలో గ్రీసు కట్టించుకున్న డిస్ట్రాయర్ల పేర్లు. తాత పేరు మనవడికి పెట్టినట్టు, కొత్తగా వచ్చిన అమెరికన్ ఓడలకు ఇంటి పేర్లు పెట్టుకున్నారు. నిఘంటువు దీన్ని అప్పగింత అంటుంది. గ్రీకుల వైపు నుంచి చూస్తే ఇది దత్తత, వంశంలోకి తీసుకోవడం. ఈ తేడాను పట్టించుకోని చరిత్ర ఓడను ఇనుపముక్కగా మాత్రమే చూస్తుంది.

ఇక 1973 మే 25. నా వాదనకు ప్రాణం ఈ రోజు.

ఆరేళ్ళుగా గ్రీసు సైనిక నియంతల చేతిలో ఉంది. ఆ మే నెల 22, 23 తేదీల్లో జరగవలసిన నౌకాదళ తిరుగుబాటు ముందే బయటపడి అధికారుల అరెస్టులు మొదలయ్యాయి. వెలోస్ అప్పుడు దేశంలో లేదు. సార్డీనియాకూ ఇటలీకీ మధ్య నాటో విన్యాసాల్లో ఉంది. కమాండర్ నికోలావోస్ పాపాస్ స్వయంగా ఆ ప్రయత్నంలో భాగస్వామి. తోటి అధికారులను పట్టుకెళ్ళి హింసిస్తున్నారన్న వార్త రేడియోలో అందింది. రోముకు నైరుతిగా 85 నాటికల్ మైళ్ళ దూరంలో ఆయన సిబ్బందిని డెక్ మీదికి పిలిచి తన నిర్ణయం చెప్పాడు. నాటో అధికారులకు సందేశం పంపాడు. ప్రజాస్వామ్యం, వ్యక్తి స్వేచ్ఛ, చట్టబద్ధ పాలన అంటూ ఉత్తర అట్లాంటిక్ ఒప్పందం పీఠికలో ఉన్న మాటలనే ఆ కూటమికి గుర్తుచేశాడు. వరుస తప్పించి ఓడను ఇటలీ వైపు తిప్పాడు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తిరుగుబాటు ఓడ అనగానే తుపాకులు, చేతులు కట్టిన అధికారులు, నెత్తురు మనసులో మెదులుతాయి. వెలోస్‌లో అవేవీ లేవు. కమాండరే దారి మళ్ళించాడు. ఫియుమిచీనోకు మూడున్నర మైళ్ళ దూరంలో లంగరు వేశాడు. ముగ్గురు యువ అధికారులు చిన్న పడవలో ఒడ్డుకు వెళ్ళి, విమానాశ్రయం నుంచి అంతర్జాతీయ వార్తాసంస్థలకు ఫోన్లు చేశారు. ఓడలో అయిదు అంగుళాల ఫిరంగులున్నాయి, వాటికి పని పడలేదు. పని పడింది టెలిఫోనుకు. లంగరు వేసిన చోటు కూడా ఆలోచించి ఎంచుకున్నదే. ప్రపంచం దిగే విమానాశ్రయం ఎదుటే అది నిలబడింది. 35 నాట్లకు పైగా వేగంతో దూసుకెళ్ళి టార్పెడోలు వదలడానికి పుట్టిన ఓడ చేసిన అతి పెద్ద పని, ఒకచోట కదలకుండా నిలబడటం.

పాపాస్, ఆరుగురు అధికారులు, 25 మంది చిన్న అధికారులు ఇటలీలో రాజకీయ ఆశ్రయం కోరారు. ఓడలోని వారంతా తామూ దిగుతామన్నా, వెనక్కి వెళ్ళి ఇళ్ళకు, ఊళ్ళకు నిజం చేరవెయ్యమని పాపాస్ వారిని ఒప్పించాడు. ఈ ఏర్పాటు మీద పరిశోధకుల చూపు పడవలసినంత పడలేదు. దిగినవారు ప్రపంచానికి సాక్షులు. దిగనివారు ఇంటికి సాక్షులు. ఒకే ఓడ సిబ్బంది రెండు దిక్కులకు పంచుకున్న సాక్ష్యమది. నెల రోజుల తర్వాత కొత్త సిబ్బందితో వెలోస్ గ్రీసుకు తిరిగి వెళ్ళింది.

ఓడ లంగరు వేసిన వారానికి, జూన్ 1న, గ్రీసు నియంత పపదోపులోస్ రాచరికాన్ని రద్దు చేశాడు. నౌకాదళ కుట్ర వెనుక ప్రవాసంలో ఉన్న రాజు చెయ్యి ఉందన్నది అతని అభియోగం. అదే ఏడాది నవంబరులో ఏథెన్స్ పాలిటెక్నిక్ విద్యార్థులు వీధికెక్కారు. మరుసటి జూలైలో నియంతృత్వం కూలింది. కూలడానికి తక్షణ కారణం సైప్రస్ సంక్షోభం అని చరిత్రకారులు చెబుతారు, నేను కాదనను. కానీ సైన్యం మొత్తం తమ వెనుక ఉందన్న నియంతల గొప్ప ఫియుమిచీనో ఎదుట, ప్రపంచం కళ్ళముందు పగిలింది. పగిలిన కుండలో మళ్ళీ నీళ్ళు నిలవలేదు. 1974కి దారి 1973 మే 25న తెరుచుకుందన్నదే నా నిర్ధారణ. ఆ దారి తెరిచింది బోస్టన్‌లో పుట్టిన ఒక డిస్ట్రాయర్.

1967 నుంచి 1973 దాకా ఇదే ఓడ అదే ప్రభుత్వం ఆజ్ఞలను పాటించింది కదా అని అడగవచ్చు. పాటించింది. నా వాదన ఆ పాటింపు ఆగిన రోజు గురించి.

ఇప్పుడు బోస్టన్ వెళ్దాం. షారెట్ పుట్టిన ఆ యార్డులో నేడు ఒక ఫ్లెచర్ తరగతి ఓడ మ్యూజియంగా ఉంది. దాని పేరు కాసిన్ యంగ్. కట్టింది కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో. ఆ యార్డు ఇలాంటి డిస్ట్రాయర్లను కట్టింది కాబట్టి, ఆ తరగతికి గుర్తుగా మరోచోట పుట్టిన ఓడను తెచ్చి నిలబెట్టారు. కాసిన్ యంగ్ మీద నాకు చిన్నచూపు లేదు, ఆత్మాహుతి విమానాల దెబ్బలు తిన్న ఓడ అది. కానీ నిజంగా ఆ యార్డులో పుట్టినది గ్రీసులో బతికే ఉంది. సొంత బిడ్డ దూరదేశంలో ఉంటే పొరుగింటి బిడ్డను పీటల మీద కూర్చోబెట్టినట్టు ఉంది ఈ ఏర్పాటు. నిఘంటువు నేర్పిన చూపు చివరికి ఇక్కడికే తెస్తుంది. జెండా మారిన ఓడ పుట్టింటివారి కంటికి ఆనదు.

షారెట్ ఒక్కదానితో ఆగే విషయం కాదిది. 175 ఫ్లెచర్లలో ఎన్నో ఓడలు గ్రీసు, టర్కీ, ఇటలీ, స్పెయిన్, పశ్చిమ జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, బ్రెజిల్, అర్జెంటీనా, చిలీ, పెరూ, కొలంబియా, మెక్సికోలకు వెళ్ళాయి. పూర్వపు జాన్ రోడ్జర్స్ మెక్సికో నౌకాదళంలో 2001 దాకా పనిచేసింది. పసిఫిక్ యుద్ధం ఈ తరగతికి బాల్యం మాత్రమే. దాని యౌవనం, వార్ధక్యం ఇతర భాషల్లో గడిచాయి. ఫ్లెచర్ తరగతి చరిత్ర ఇంగ్లీషులో రాయదగ్గది కాదని, దాని అసలు దస్త్రాలు గ్రీకు, స్పానిష్, టర్కిష్, జపనీస్ భాషల్లో ఉన్నాయని నేను గట్టిగా అంటాను. యుద్ధనౌక చరిత్రకు యుద్ధం కేంద్రం కాదని కూడా అంటాను.

ఇంకా సందేహం మిగిలితే కవలల్లాంటి ఆ రెండు ఓడలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కానర్, షారెట్ ఒకే యార్డులో పుట్టాయి. కొలువులోకి మూడు వారాల తేడాతో వచ్చాయి. పసిఫిక్‌లో ఒకే పని చేశాయి, తచిబానా మారును కలిసి పట్టుకున్నాయి, ఒకే ఏడాది గ్రీసు చేరాయి. బ్యాటిల్ స్టార్లు కూడా ఇంచుమించు అన్నే. నిఘంటువు తూకంలో రెండూ సమానం. ఆస్పిస్ తుక్కుకు పోయింది. వెలోస్‌ను 1994లో నియంతృత్వ వ్యతిరేక పోరాట మ్యూజియంగా ప్రకటించారు. ఏథెన్స్ దగ్గరి ఫాలిరోలో చాలాకాలం ఉండి, ఇటీవలి ఏళ్ళలో థెస్సలొనీకి తీరానికి చేరింది. బడిపిల్లలు దాని డెక్ ఎక్కి చూసేది 13 నక్షత్రాలను కాదు. పాపాస్ సిబ్బందిని నిలబెట్టి మాట్లాడిన చోటును.