శిస్తు నెలలు – వ్రాతబలము



పన్ను చెల్లించు దినము హఠాత్తుగా వచ్చునది కాదు. ఉగాదివలెనే అదియు ఏటేట మనమెఱిగిన కాలముననే వచ్చును. అయినను గడువు ముంగిటికి వచ్చువఱకు దానిని తలపెట్టనివారే పెక్కురు. చేతిలో రూకలు లేక చిక్కుపడువారు కొందఱు. రూకలుండియు కాగితములు లేక చిక్కుపడువారు మఱికొందఱు. ఈ రెండవ చిక్కును గూర్చి మన వినుకొండ సీమ చరిత్ర ఏమి చెప్పుచున్నదో నేడు మనవి చేయదలచితిని. రెండు వందల యేండ్ల ఈ కథలో నాకు కనబడు సారము ఒక్కటే. పన్ను ఎంత యను ప్రశ్న పెద్దదే. కాని లెక్క ఎవరి చేత నున్నది అను ప్రశ్న అంతకంటె పెద్దది.

1802వ సంవత్సరమున చెన్నపట్టణ ప్రభుత్వమువారు శాశ్వత శిస్తు నిర్ణయము చేసిరి. అప్పుడు వినుకొండ ప్రాంతము మల్రాజువారి జమీందారీలో నుండెను. నరసారావుపేటను కట్టించినవారును ఈ వంశమువారే. ఆ యొక్క యేటనే మూడు రెగ్యులేషనులు వెలువడినవి. 25వది జమీందారు సర్కారునకు కట్టవలసిన పేష్కషును స్థిరపఱచెను. 29వది గ్రామ కరణములు లెక్కలు వ్రాయవలసిన విధిని నిర్ణయించెను. 30వది జమీందారు రైతునకు పట్టా ఇచ్చి, రైతువద్ద ముచ్చిలికా పుచ్చుకొనవలెనని శాసించెను. అనగా రైతు చేతిలో ఒక వ్రాత ఉండవలెనని చట్టము నాడే చెప్పినది. కాని చదువురాని రైతునకు పట్టా వట్టి కాగితము. దానిని చదివి చెప్పువాడు కరణము. లెక్క వ్రాయువాడును ఆ కరణమే. ప్రశ్నించువాడు లేని లెక్క ఎంతకాలము తిన్నగా నడచును?

ఆ లోపము నందన నామ సంవత్సరపు కరువునకు పిమ్మట బయటపడినది. 1832–33లో వచ్చిన ఆ కరువున గుంటూరు జిల్లాలోని సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు నశించిరని అంచనా. దున్నువాడు లేక పొలములు బీడుపడినవి. శిస్తు బాకీలు కొండలై పెరిగినవి. జమీందారీలు ఒకదాని తరువాత నొకటి సర్కారు జప్తులోనికి పోయినవి. ఈ పతనమునకు హేతువేమో విచారించుటకై వాల్టరు ఎలియటు దొరను పంపిరి. ఆయన 1846లో సమర్పించిన నివేదికలో కరువొక్కటియే కారణమని చెప్పలేదు. గ్రామములలోని లెక్కలవారును, జిల్లా కచేరీలోని ఉద్యోగులును చేతులు కలిపి నిజమైన లెక్కలను మఱుగుపఱచిరనియు, వసూలైన సొమ్ము నడుమనే మాయమగుచుండెననియు ఆయన తేల్చెను. రైతు ఇచ్చుచునే యుండెను. సర్కారునకు బాకీ పెరుగుచునే యుండెను. తాను చెల్లించినట్లు చూపుటకు రైతు చేతిలో వ్రాత లేకపోయెను.

ఇట్టి స్థితిలో వసూలు ఎట్లు జరుగుచుండెనో చెన్నపట్టణమున కూర్చిన విచారణసంఘము 1855లో ప్రకటించిన నివేదికవలన తెలియుచున్నది. శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుట నిజమేయని వారు నిర్ధారణ చేసిరి. చెక్కల నడుమ వ్రేళ్లు పెట్టి నొక్కుట, నడుము వంచి మెడను కాళ్లకు కట్టి యెండలో నిలుపుట ఆ హింసలలో ముఖ్యమైనవి. రసీదు లేని రైతును ఒకసారి చెల్లించినదానికే మఱల నిలదీసినచో అతడేమి చూపగలడు? 1864లో రెవెన్యూ వసూలు చట్టము వచ్చినది. అది మొదలు నోటీసు, జప్తు, వేలము అను క్రమము ఏర్పడినది. చట్టము కఠినమే. కాని వ్రాతతో నడచు కఠినమునకు వ్రాతతో బదులు చెప్పవచ్చును. కొట్టుడునకు ఏమి బదులు చెప్పగలము?

జమీందారీలు పోయి రైతువారీ స్థిరపడిన పిమ్మట శిస్తు సంవత్సరము ఒక తిరునాళ్లవలె క్రమముగా నడచుచుండెను. దానిని ఫసలీ యనిరి. ఫసలు అనగా పంట. చెన్నపట్టణపు రాజధానిలో 1855 మొదలు ఫసలీ జులై 1వ తేదీన ఆరంభమగుచు వచ్చినది. ఏరువాక సాగి విత్తనము పడిన పిమ్మట కరణము పొలము పొలమునకు పోయి, ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో అడంగలులో ఎక్కించును. పై యధికారులు వచ్చి అజమాయిషీ చేయుదురు. పంట చేతికి వచ్చు కాలమునుండి వేసవివఱకు కిస్తులు. చివరకు జమాబందీ. నాడు గ్రామముల కరణములందఱు లెక్కల కట్టలు మోసికొని తాలూకా కచేరీకి చేరుదురు. దొరగారి యెదుట ప్రతి లెక్కయు సరిచూడబడును. మాఫీ కోరువాడును, పట్టా మార్పించుకొనువాడును, తప్పు దిద్దించుకొనువాడును ఆనాడే మనవి చేసికొనవలెను. ఆ దినము దాటినచో మఱల యేడాది వేచియుండవలసినదే.

వినుకొండ సీమలో అప్పుడు మెట్టపొలములే మెండు. మెట్టకు ఏటేట మాఫీ ఇచ్చు ఆచారము లేదు. మంచి యేడును చెడ్డ యేడును కలిపి సరాసరి చూచి దర కట్టితిమి గనుక, ఎండిన యేటికి వేఱుగా తగ్గింపనక్కరలేదని సర్కారువారి వాదము. ఆ వాదములో కొంత న్యాయమున్నదో లేదో యటుంచుడు; దాని భావమును గ్రహించిన రైతు మాత్రము బ్రతికెను. పండిన యేట గాదెలో ఎండు యేటి కిస్తును దాచినవాడు సాహుకారు గడప తొక్కలేదు. దాచనివాడు ధర పలుకకముందే ధాన్యమమ్మి కిస్తు కట్టెను. లేదా నోటు వ్రాసియిచ్చి భూమినే పోగొట్టుకొనెను.

లెక్కకున్న బలమెంతయో 1921–22లో లోకమెల్ల చూచినది. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిలిపివేసిరి. గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చిరి. లెక్క వ్రాయువాడు కలము క్రింద పెట్టగనే సర్కారు యంత్రము కుంటుపడెను. ఆ దినములలోనే పల్నాటి అడవి గ్రామములవారు పశువుల మేతకు కట్టు పుల్లరిని ఎదిరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకికి బలియయ్యెను. పన్ను న్యాయమైనది కానప్పుడు ప్రజలేమి చేయగలరో ఆయన ప్రాణమిచ్చి చూపెను. న్యాయమైన పన్ను విషయములో మన కర్తవ్యము వేఱు. అందు ధైర్యముకంటె శ్రద్ధ ఎక్కువ కావలెను.

కాలము మాఱినది. 1984లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసినది. 2022 ఏప్రిల్‌లో నరసారావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడి, వినుకొండ అందు చేరినది. అడంగలు ఇప్పుడు కట్టలలో లేదు, కంప్యూటరులో నున్నది. 1886 మొదలు వ్యవసాయాదాయముమీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. దీనినిబట్టి లెక్కతో మనకు పనిలేదని తలచుట పొరపాటు. ఒకే యింట సేద్యమును, పురుగుమందుల దుకాణమును, మిరప వ్యాపారమును సాగుచున్నవి. బ్యాంకులో పడిన సొమ్ము పంటదో వ్యాపారముదో మన వ్రాతయే చెప్పవలెను. పంట అమ్మిన పట్టీలు లేనిచో పంట సొమ్మును పంట సొమ్మని నిరూపించుట కష్టము.

కావున పెద్దలకు నా మనవి యిది. సేద్యపు లెక్క వేఱు, వ్యాపారపు లెక్క వేఱు పుస్తకములలో వ్రాయించుడు. నలుగురికి జీతమిచ్చువాడు ఇచ్చిన తేదీని, మొత్తమును వ్రాసి సంతకము చేయించుకొనవలెను. వారి జీతములో పట్టుకొన్నది ఏదేని యున్నచో అది మనది కాదు. గడువులో జమచేసి రసీదు దాచవలెను. ఆర్థిక సంవత్సరము 1867 మొదలు ఏప్రిల్ 1వ తేదీననే ఆరంభమగుచున్నది. కనుక లెక్క మార్చి నెలాఖరున వెదకుకొనునది కాదు. చైత్రమున మొదలుపెట్టి నెలనెల నడపవలసినది. చదివిపెట్టుటకు ఇంట మనుమడో మనుమరాలో ఉన్నచో, సంతకమునకు ముందే చదివించి వినుడు. నాటి రైతు చేతిలో లేని వ్రాత నేడు మన చేతిలో నున్నది. దానిని భద్రముగా నుంచుకొనుట మన పని.