గని ధూళి, ఎక్స్‌రే, బెల్లం ముక్క: మన కె.జి.ఎఫ్. చరిత్ర నేర్పే కొన్ని ప్రశ్నలు



కె.జి.ఎఫ్. చరిత్ర అనగానే మనం బంగారం లెక్కలు చెప్పుకుంటాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతుకు దిగాం, 2001లో గనులు మూతపడ్డాయి. ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. ఈసారి ఇంకో లెక్క గురించి రాస్తున్నాం. అది ధూళి లెక్క. ఆ లెక్కను ఎవరు తీశారు, ఎలా తీశారు, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది. ఇది పాత కథ మాత్రమే కాదు. మన ఇళ్లలో ఇప్పటికీ ఆయాసపడుతున్న నాయనలు, మామలు ఉన్నారు. వాళ్లకు ఏ మందు వాడాలి, ఏ మాట నమ్మాలి అన్నది ఈ వారమే తేల్చుకోవాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి.

మన గనుల్లో బంగారం క్వార్ట్జ్ రాతి పొరల్లో ఉండేది. క్వార్ట్జ్ అంటే సిలికా. డ్రిల్లు పెట్టి కొట్టినా, మందుపెట్టి పేల్చినా సన్నటి ధూళి లేస్తుంది. కంటికి కనిపించే ధూళి ముక్కులోనే ఆగిపోతుంది. కనిపించనిదే ఊపిరితిత్తుల అడుక్కి చేరుతుంది. అక్కడ మచ్చలు కట్టి గట్టిపడటమే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పనిచేశాక బయటపడుతుంది. పని మానేసినా ఆగకుండా పెరగొచ్చు. దీంతో పాటు ఇంకో ప్రమాదం ఉంది. సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో టి.బి. సులువుగా పట్టుకుంటుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఇంకొకటని పొరబడటం కూడా సులువే.

మన దేశంలో డాక్టరు చదువు చదివే పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది: భారతదేశంలో సిలికోసిస్ మొదట 1947లో కోలార్ బంగారు గనుల నుంచి వెల్లడైంది. మన ఊరి పేరు వైద్యశాస్త్రంలోకి ఎక్కింది ఆ రకంగా. 1940లలో 7,000 మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే, 10 మందిలో నలుగురికి పైగా ఈ జబ్బు కనిపించింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. గనులు మొదలైంది 1880లలో. జబ్బు పుస్తకానికి ఎక్కింది 1947లో. మధ్యలో అరవై ఏళ్లకు పైనే. ఆ అరవై ఏళ్లూ ఎవరికీ సిలికోసిస్ రాలేదా? అలా ఉండే వీలు లేదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఈ జబ్బుకు పరిహారం ఇచ్చే చట్టాలు 1910లలోనే వచ్చాయి. 1930లో జొహానెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దీని మీదే ఒక సమావేశం పెట్టింది. 'రుజువు లేదు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వెతికి చూశాక దొరకలేదన్నది ఒకటి. అసలు వెతకనే లేదన్నది ఇంకొకటి. ఏ డాక్టరైనా, ఏ ఆఫీసరైనా 'దానికి ఎవిడెన్స్ లేదండీ' అంటే, వాటిలో ఏది అని మనం మర్యాదగానే అడగొచ్చు.

రెండో ప్రశ్న, ఎవరిని లెక్కపెట్టారు అన్నది. పదిలో నలుగురు అన్న లెక్క చూడగానే భయం వేస్తుంది. జబ్బు ఉందని అనుమానం ఉన్నవాళ్లనే పిలిచి పరీక్షిస్తే లెక్క ఎక్కువ వస్తుంది. ఆ రోజు పనిలో ఉన్నవాళ్లనే పరీక్షిస్తే లెక్క తక్కువ వస్తుంది, ఎందుకంటే ఆయాసం ముదిరినవాడు అప్పటికే మూటాముల్లె సర్దుకుని చిత్తూరు వైపో, ఆర్కాటు వైపో, సేలం వైపో సొంతూరికి వెళ్లిపోయి ఉంటాడు. గని రిజిస్టర్‌లో అతను 'పని మానేశాడు'. ఊళ్లో అతను దగ్గి దగ్గి పోయాడు. ఈ రెండూ ఒకే కాగితం మీదకు ఎప్పుడూ రావు.

ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుసుకున్న డాక్టర్ ఒకాయన ఉన్నాడు, పేరు ఆర్చీ కాక్రన్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లోని వేల్స్‌లో, బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల మీద పనిచేశాడు. 1950 ప్రాంతంలో రోండా ఫాక్ అనే లోయలో సర్వే చేసినప్పుడు, పనిలో ఉన్నవాళ్లతో సరిపెట్టలేదు. మానేసినవాళ్లనూ, ముసలివాళ్లనూ ఇళ్లకు వెళ్లి మరీ ఎక్స్‌రేకి పిలిచాడు. నూటికి తొంభై మందికి పైగా వచ్చారు. ఆ తర్వాత 1972లో, ఏ వైద్యమైనా పనిచేస్తుందని సరిగ్గా పోల్చి చూశాకే వాడాలి అని ఒక పుస్తకం రాశాడు. ఇవాళ ప్రపంచమంతటా డాక్టర్లు పరిశోధనలను జల్లెడపట్టడానికి చూసే కాక్రన్ సంస్థ 1993లో ఆయన పేరు మీదే మొదలైంది. మనలాంటి గని లైన్లలో తిరిగి నేర్చుకున్న పాఠం అది.

ఇప్పుడు వైద్యం సంగతికి వద్దాం. సిలికోసిస్‌కు మందు ఉందని ఎవరైనా చెబితే ఏం చేయాలి? కెనడాలో ఏం జరిగిందో చూడండి. ఒంటారియోలోని మెకింటైర్ బంగారు గని వాళ్లు అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికా మీద పూతలా పట్టి హాని చేయనివ్వదని నమ్మారు. కుందేళ్ల మీద చూస్తే బాగానే పనిచేసినట్టు కనిపించింది. 1943 నుంచి కార్మికులు బట్టలు మార్చుకునే గది తలుపులు మూసి, షిఫ్టుకు ముందు పది నిమిషాలు నల్లటి పొడిని గాల్లోకి కొట్టేవారు. దాన్ని పీల్చాకే కిందికి దిగాలి. ఇతర దేశాల గనులకు కూడా ఈ పద్ధతి పాకింది. 1956లో బ్రిటన్‌లో పొడి పీల్చినవాళ్లను, పీల్చనివాళ్లను పోల్చి చూస్తే మేలేమీ కనబడలేదు. అయినా కెనడాలో 1979 దాకా ఆపలేదు. 2020లో వచ్చిన అధ్యయనంలో ఆ పొడి పీల్చిన గని కార్మికుల్లో పార్కిన్సన్ జబ్బు ఎక్కువగా ఉందని తేలింది. ఆ అధ్యయనం జరిగేలా వెంటపడినవాళ్లలో ముందున్నది ఒక గని కార్మికుడి కూతురు. వాళ్ల నాయనకు జబ్బు ఎందుకొచ్చిందని అడగడంతో మొదలుపెట్టి, అలాంటి వందల మంది వివరాలు పోగుచేసింది. 2022లో ఒంటారియో ప్రభుత్వం దాన్ని వృత్తి జబ్బుగా ఒప్పుకుంది.

కుందేలుకు పనిచేసిందని మనిషి చేత 36 ఏళ్లు పీల్పించారు. ఇది గుర్తుపెట్టుకుని, మన గ్రూపుల్లో తిరిగే ఇంకో మాట చూద్దాం: 'బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో ధూళి కడుక్కుపోతుంది, శాస్త్రవేత్తలు నిరూపించారు.' ఇది పూర్తిగా పుట్టించిన మాట కాదు. లక్నోలోని ఇండస్ట్రియల్ టాక్సికాలజీ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 1994లో నిజంగానే ఒక అధ్యయనం ప్రచురించారు. ధూళి పనుల్లో ఉన్నవాళ్లు బెల్లం తింటారని గమనించే దాన్ని మొదలుపెట్టారు. బెల్లం తిన్నవాటి ఊపిరితిత్తుల్లోంచి ధూళి కణాలు ఎక్కువగా కదిలాయని, దెబ్బ తగ్గిందని చూశారు. కానీ ఆ పరీక్ష చేసింది ఎలుకల మీద. మనుషుల్లో ఆయాసం తగ్గిందని గానీ, ఎక్కువ కాలం బతికారని గానీ అది చెప్పలేదు. సైంటిస్టులు అబద్ధం ఆడలేదు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఎలుక అన్న మాట వదిలేశారు, అంతే. నాయనకు బెల్లం ఇష్టమైతే, షుగర్ లేకపోతే, తిననివ్వండి. దాన్ని నమ్ముకుని టి.బి. పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

మరి మనుషుల మీద, మనలాంటి వాళ్ల మీద సరిగ్గా చేసిన పరీక్షలు ఉన్నాయా? ఉన్నాయి, మన చుట్టుపక్కలే. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి నడిచింది. మన జిల్లా సరిహద్దు దాటితే చాలు. ఆ రోజుల్లో టి.బి. అంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి శానిటోరియంలో మంచం, మంచి తిండి, మంచి గాలి. సంపాదించే మనిషి అక్కడుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ మొదలైన టి.బి. పరిశోధన కేంద్రం 193 మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టింది. ఒక జట్టు శానిటోరియంలో, ఇంకో జట్టు ఇరుకు ఇళ్లలోనే. మందులు మాత్రం రెండు జట్లకూ అవే. ఏడాది తర్వాత శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇంట్లో 86 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. తిండి, విశ్రాంతి శానిటోరియంలోనే మేలుగా ఉన్నా తేడా అంతే. ఇంట్లో ఉన్న రోగుల వల్ల వాళ్ల పిల్లలకు, భార్యలకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా తర్వాతి ఏళ్లలో తేలింది. 1959లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచంలో టి.బి. వైద్యాన్నే మార్చింది. ఎక్స్‌రేలో మచ్చ ఎంత తగ్గిందన్న దగ్గర ఆగకుండా, ఇంటి మనుషులకు నిజంగా కావలసిన ప్రశ్నను అడిగారు కాబట్టే ఆ పరిశోధన మనకు గొప్పది.

అదే మద్రాసు కేంద్రం, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, హాంకాంగ్ డాక్టర్లు కలిసి సిలికోసిస్ ఉన్నవాళ్ల మీదే ఒక పరీక్ష చేశారు. అది 1992లో ప్రచురించారు. టి.బి. ఇంకా రాని 679 మందిలో కొందరికి టి.బి. రాకుండా మందులు, కొందరికి మందులాగే కనిపించే ఉత్త బిళ్లలు. ఎవరికి ఏది వెళ్లిందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. ఐదేళ్లలో ఉత్త బిళ్లల జట్టులో నూటికి 27 మందికి టి.బి. వచ్చింది. మందుల జట్లలో 13 మందికి వచ్చింది. అంటే సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇది సిలికోసిస్‌ను నయం చేసే మందు కాదు. దాని వెనకాల వచ్చే దొంగను ఆపే మందు. సిలికోసిస్ ఉన్నవాళ్లను టి.బి. ఇన్‌ఫెక్షన్ కోసం పరీక్షించి నివారణ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ముందు టి.బి. ఇప్పటికే లేదని తేల్చుకోవాలి. లివర్ సంగతి చూసుకోవాలి. అది డాక్టరు పని. అడగడం మన పని.

కాబట్టి మన ఇళ్లలో అండర్‌గ్రౌండ్‌లోనో, మిల్లులోనో పనిచేసిన పెద్దలున్నవాళ్లకు మా మనవి. దగ్గుతో ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదటి మాటగా 'ఈయన ఇన్నేళ్లు గనిలో చేశారు' అని చెప్పండి. కొత్త డాక్టరుకు కె.జి.ఎఫ్. అంటే సినిమా మాత్రమే తెలిసి ఉండొచ్చు. పాత ఎక్స్‌రేలు, సర్వీసు కాగితాలు, కంపెనీ ఆసుపత్రి చీటీలు పారేయకండి. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే జబ్బు పెరిగిందో లేదో తెలుస్తుంది. సిలికోసిస్ చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు, పరిహారం లభించే జబ్బు. ఆ కాగితం లేకపోతే హక్కు నిలబడటం కష్టం. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థకు బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఏ కొత్త వైద్యం గురించి విన్నా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎలుకల మీద చూశారా, మనుషుల మీదా? ఆ మనుషులు మనవాళ్లలాంటి వాళ్లేనా? వాడినవాళ్లను వాడనివాళ్లతో పోల్చారా? తగ్గిందన్నది ఏంటి, ఎక్స్‌రేలో మచ్చా, లేక మెట్లెక్కేటప్పుడు వచ్చే ఆయాసమా? పబ్‌మెడ్‌లో వెతకడం ఉచితం. ఇంగ్లీషు చదివే మన పిల్లలకు ఇది పది నిమిషాల పని. తాతకు ఏది ముఖ్యమో మాత్రం పిల్లలు నెట్‌లో వెతికితే దొరకదు. ఆయన్నే అడగాలి. కొందరికి ఇంకో ఏడాది బతకడం ముఖ్యం. కొందరికి రాత్రి పడుకుని నిద్రపోగలగడం ముఖ్యం.

మన పెద్దల ఊపిరితిత్తులు వైద్యశాస్త్రానికి ఒక లెక్క ఇచ్చాయి. ఆ లెక్కలోకి రాకుండా సొంతూళ్లకు వెళ్లిపోయినవాళ్ల పేర్లు మీ ఇళ్లలో తెలిసే ఉంటాయి. ఏ గని, ఏ షాఫ్ట్, ఎన్నేళ్ల పని, ఎప్పుడు దగ్గు మొదలైంది అన్నంత వరకు మీ ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకం, పాత ఎక్స్‌రేలు తీసుకుని రండి. అందరం కలిసి కూర్చుని చూద్దాం.