జాగీర్దార్ల బడి, మా తాతలు

‘మీరు నవాబుల బిడ్డలు, మీకేం తక్కువ?’ ఈ మాట మేం రచ్చబండ దగ్గర విన్నాం, కాలేజీలో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం. అందుకే నవాబుల బిడ్డలు ఎక్కడ చదివారో ఒకసారి చూడాలనిపించింది.

హైదరాబాదు బేగంపేటలో ఓ బడి ఉంది. 1923లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో పెట్టారు. పేరు జాగీర్దార్స్ కాలేజీ. ఎవరి కోసమో ఆ పేరులోనే రాసుంది. అక్కడ ఎంపిక తెలివిని బట్టి కాదు, పుట్టుకను బట్టి. జాగీరు ఉన్న ఇంట్లో మగపిల్లాడై పుట్టాలి. ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్లే దానికి నమూనా. అజ్మీరులో రాజకుమారుల కోసం 1875లో మేయో కాలేజీ పెట్టారు కదా, ఇదీ ఆ వరసే. దానికి ముందు మొదటి సాలార్‌జంగ్ పెట్టిన మద్రసా-ఎ-ఆలియా అమీర్ల పిల్లల్ని చూసుకుంది. మద్రసా అనగానే టోపీ, గడ్డం గుర్తొచ్చేవాళ్లకు చెప్తున్నాం, అది దొరబిడ్డల ఇంగ్లీషు బడి!

జాగీర్దారంటే సాయిబే అనుకుంటారు. పైగా నవాబులతో పాటు హిందూ రాజాలకూ జాగీర్లుండేవి. నిజాంకు దివానుగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ కూడా పెద్ద జాగీర్దారే. ఆ బడి గేటు మతం అడగలేదు, జాగీరు అడిగింది. నిజాం రాజ్యంలో మూడోవంతుకు దగ్గరగా భూమి జాగీర్ల కింద ఉండేది. ఆ భూముల శిస్తే ఆ ఇళ్లను పోషించింది. అది కట్టినవాళ్లలో మాలలున్నారు, మాదిగలున్నారు, గొల్లలున్నారు, మా వాళ్లూ ఉన్నారు.

మరి మా తాతలు? దూది ఏకారు. అత్తరమ్మారు. రాళ్లు కొట్టారు. పీర్ల ముందు నిప్పుల గుండం తొక్కారు. 1918లో ఉస్మానియా ఉర్దూలో పైచదువు మొదలెట్టింది నిజమే. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లాడికి ఆ ఉర్దూ కూడా దూరపు చుట్టమే.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో ఆ బడి హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. పేరులో ‘పబ్లిక్’ చేరింది గానీ, పుట్టుక అడిగిన చోట ఇప్పుడు ఫీజు అడుగుతున్నారు. 1988లో ఆడపిల్లలకూ తలుపు తీశారు. బడి గుర్తు గద్ద. మెలకువగా ఉండమన్నది వాళ్ల సూక్తి. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అక్కడ చదివినవాళ్లే. మంచి బడే, కాదనం. ఆ చదువు మీద మాకు కోపం లేదు. ఆ గోడ బయట నిలబడ్డవాళ్ల నెత్తిన ఆ నవాబీని రుద్దడం మీదే మా కోపం.

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలో వెనకబడ్డ 14 తెగలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. సయ్యద్‌లను, మొగల్‌లను, పఠాన్‌లను బయట పెట్టింది. దాని మీద కోర్టుల్లో ఎంత వాదన నడిచిందో అందరికీ తెలుసు. ఆ పట్టికలో ఉన్నవాళ్లు అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ధోబీలు, హజాములు, ఫకీర్లు, తురక కాశవాళ్లు, గుడ్డి ఎలుగువాళ్లు. మా దూదేకులవాళ్లు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. నవాబులని మీరన్నది వీళ్లనే.