పూత మీదే బేరం

మామిడి తోటను పూత మీదే అమ్ముకునే రైతుకు ఆ ఏడు కాపు ఎలా ఉంటుందో తెలియదు. కొనేవాడికీ తెలియదు. అమెరికా బేస్‌బాల్‌లో కుర్రాళ్లతో కుదుర్చుకునే దీర్ఘకాల ఒప్పందాలు ఇలాంటివే. కాకపోతే ఇక్కడ కొనే జట్టుకు తోటలు చాలా ఉంటాయి, అమ్మే కుర్రాడికి ఉన్నది ఒక్క చెట్టే.

1975 దాకా ఆటగాడికి బేరమాడే వీలే దాదాపు లేదు. రిజర్వ్ నిబంధన కింద అతను జట్టు సొత్తు. దాని మీద కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో ఆ ముడి వీడింది. మరుసటి ఏడు కుదిరిన రాజీ ప్రకారం ఆరేళ్లు ఆడినవాడు నచ్చిన జట్టుకు పోవచ్చు. ఇప్పటి లెక్కలో చాలామందికి మొదటి మూడేళ్లూ జట్టు ఇచ్చిందే జీతం.

ఆ ఆరేళ్లనే పెట్టుబడిగా చూసినవాడు క్లీవ్‌ల్యాండ్ జనరల్ మేనేజర్ జాన్ హార్ట్. 1990ల మొదట్లో శాండీ అలోమార్, కార్లోస్ బయేర్గా లాంటి కుర్రాళ్లకు కొన్నేళ్ల జీతం ముందే ఖాయం చేసి, వాళ్లను నిలుపుకున్నాడు. 1995లో ఆ జట్టు లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ ఆడింది.

ఆ తర్వాత బేరం ఇంకా ముందుకు జరిగింది. 2008లో ఎవాన్ లాంగోరియా మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి వారం తిరక్కుండానే టాంపా బే ఆరేళ్లకు 1.75 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2014లో హ్యూస్టన్ ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడని జాన్ సింగిల్టన్‌కు ఐదేళ్లకు కోటి డాలర్లు ఇచ్చింది. చవగ్గా అమ్ముడుపోయాడని కొందరు ఆటగాళ్లే తప్పుబట్టారు. ఆ ఏడు అతని బ్యాటింగ్ సగటు .168. పూత రాలిపోయింది, డబ్బు మాత్రం చేతిలో ఉంది. అతను చేసింది తప్పని నేననలేను.

సాల్వడార్ పెరెజ్‌ది వేరే కథ. 2012లో కాన్సస్ సిటీతో ఐదేళ్లకు 70 లక్షల డాలర్లకే ఒప్పుకున్నాడు. 2015 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2016లో ఆ జట్టే పిలిచి 5.25 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. పాత కాగితం చూపించి ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

నచ్చనిది ఆజీ ఆల్బీస్‌ది. 2019 ఏప్రిల్‌లో, 22 ఏళ్లకే, అట్లాంటాతో ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. అదే నెలలో అదే జట్టు రోనాల్డ్ అకూన్యాకు ఎనిమిదేళ్లకు 10 కోట్లు ఇచ్చింది. మొత్తం తక్కువన్నది ఒక్కటే కాదు, ఆ ఒప్పందం చివర్లో ఉన్న షరతు నన్ను బాధపెడుతుంది. జట్టు కావాలనుకుంటే ఏడాదికి 70 లక్షల చొప్పున 2026, 2027లోనూ అతన్ని అట్టేపెట్టుకోవచ్చు. కాదనే హక్కు ఆల్బీస్‌కు లేదు. 2027 సీజన్ ముగిసేసరికి అతనికి 30 ఏళ్లు.