మూడు రంగులూ, ఒక పావురమూ

జెండాను గురించి చెప్పమంటే మనం సాధారణంగా రంగుల అర్థాల పట్టిక ఒకటి అప్పజెప్పి ఊరుకుంటాం. ఎరుపు త్యాగం, తెలుపు శాంతి, ఆకుపచ్చ సస్యసమృద్ధి. తరగతిలో నేనూ ఏళ్ళతరబడి ఇలాగే చెప్పాను. ఈ పద్ధతి ఎంత నిస్సారమో స్పెయిన్‌లోని ఒక చిన్న మునిసిపాలిటీ జెండా నాకు నేర్పింది.

ఆ ఊరు మరినలేద. దక్షిణాన ఆండలూసియాలో, సెవిల్ ప్రాంతంలో ఉంది. జనాభా మూడు వేలకు లోపే. జెండాలో ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. మొదటిది గ్రామీణ ఆదర్శానికి, రెండోది శాంతికి, మూడోది శ్రామికుల పోరాటానికి గుర్తులు. ఊరి చిహ్నంలో పల్లె, పావురం. 'శాంతి దిశగా ఒక ఆదర్శలోకం' అన్న నినాదం.

ఇంతవరకే చూస్తే ఇదీ పట్టికే. చరిత్రలో పెట్టి చూసినప్పుడే దీని బలం తెలుస్తుంది. ఆండలూసియా జెండా ఆకుపచ్చ, తెలుపు, మళ్ళీ ఆకుపచ్చ. బ్లాస్ ఇన్ఫాంతే రూపొందించగా 1918లో రోందా సభ దాన్ని ఆమోదించింది. ఆయనను 1936లో ఫ్రాంకో పక్షంవారు కాల్చి చంపారు. ఆ జెండాలోని ఆకుపచ్చ ఉమయ్యద్‌లను, తెలుపు అల్మొహద్‌లను తలపిస్తాయి. రెండూ రాజవంశాలే. ప్రాంతీయ చిహ్నంలో సింహాలను లొంగదీసిన హెర్క్యులీస్ నిలబడి ఉంటాడు. మరినలేద జెండాలో అవే ఆకుపచ్చ, తెలుపులు రాజుల నుండి కూలీల చేతికి వచ్చాయి. వాటి పక్కన ఎరుపు చేరింది. చిహ్నంలో వీరుడి స్థానాన్ని ఊరు ఆక్రమించింది.

ఈ మార్పు ఊరికే రాలేదు. ఫ్రాంకో మరణం తర్వాత 1979లో జరిగిన తొలి ప్రజాస్వామిక మునిసిపల్ ఎన్నికల్లో చరిత్ర ఉపాధ్యాయుడు సాంచెస్ గోర్దియో మేయరయ్యాడు. చుట్టూ వేల ఎకరాలు, అన్నీ భూస్వాములవి. ఊళ్ళో ఉన్నది పనిలేని కూలీలు. 1980లో సుమారు 700 మంది నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆకలికి వ్యతిరేకంగా ఆకలి సమ్మె అన్నారు దాన్ని. ఏళ్ళ తరబడి భూఆక్రమణలు సాగాక, 1991లో ఇన్ఫాంతాదో డ్యూక్ భూముల్లో 1,200 హెక్టార్లు, అంటే దాదాపు మూడు వేల ఎకరాలు, ప్రభుత్వం కొని ఊరివారికి అప్పగించవలసి వచ్చింది. అక్కడ సహకార సేద్యం మొదలైంది. పంటల ఎంపికలో వారు చూసింది లాభాన్ని కాదు, పనిదినాలను. ఆలివ్, మిరప, చిక్కుడు వంటి మనుషుల చేతులు ఎక్కువ కావలసిన పంటలే వేశారు.

కాబట్టి ఆ జెండాలోని ఆకుపచ్చ ప్రకృతి సౌందర్యం కాదు. కూలి దొరికిన రోజుల లెక్క. ఎరుపు రక్తతర్పణం కాదు. ఎండలో నడిచి వెళ్ళి, గెంటివేస్తే మళ్ళీ తిరిగి వెళ్ళిన ఓపిక. తెలుపు అంటే భూమి దక్కని చోట పాటించే మౌనం కాదు. భూమి ఒకరిదై, ఆకలి మరొకరిదైన చోట శాంతి అసాధ్యమని ఆ పావురం చెబుతోంది.

అయితే ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. 1979 నుండి 2023 దాకా, నలభై నాలుగేళ్ళు, ఒకే వ్యక్తి ఆ ఊరికి మేయరు. చిహ్నంలో నుండి తొలగిన వీరుడు పాలనలోకి తిరిగివచ్చాడా? ఆ ఊరిని అభిమానించేవాడిగానే ఈ ప్రశ్న వేస్తున్నాను. 'దిశగా' అన్న మాట నినాదంలో ఉన్నందుకు వారు కూడా దీన్ని తప్పుపట్టలేరు. చేరామని వారు అనలేదు, నడుస్తున్నామన్నారు.

మన కవిత్వంలోనూ ఎర్రజెండాలకూ పావురాలకూ కరువు లేదు. వాటిలో ఎక్కువ భాగం అరువు తెచ్చుకున్నవే. ప్రతీకకు అర్థం నిఘంటువు ఇవ్వదు, దాని వెనక జరిగిన పని ఇస్తుంది. ఆ పని లేనప్పుడు ఎరుపు ఒట్టి రంగే, పావురం ఒట్టి పక్షే. రేపు తరగతిలో జెండా పాఠం వస్తే నేను రంగులతో మొదలుపెట్టను. ఆ గుడ్డను ఎవరు, ఏ పొలం గట్టున, దేనికోసం పాతారో అడుగుతాను.