ఐదు శాతం వడ్డీ, అరవై ఏళ్ల చెట్టు



అడవి మనదైతే, అందులో మనమే దొంగలం ఎలా అయ్యాం? దీనికి సగం జవాబు లండన్ రైల్వే కంపెనీల లెక్కల పుస్తకాల్లో ఉంది.

1849లో ఈస్టిండియా కంపెనీ ఆ రైల్వే కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. పెట్టుబడి మీద ఏటా 5 శాతం గ్యారంటీ. అంత రాకపోతే తక్కువ పడింది ఇక్కడి ఖజానా నుంచి, అంటే మన జనం కట్టిన శిస్తుల నుంచి ఇవ్వాలి. నష్టం భయం లేకపోతే డబ్బు ఎటు పోతుంది? రైళ్లకే పోయింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, రైళ్లకన్నా ముందు కాలవలు కావాలని ఏళ్ల తరబడి వాదించాడు. రైళ్లకు పెట్టినంత డబ్బు కాలవలకు పెట్టలేదు. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. రైలు ఉంది కానీ, ధాన్యం ఆకలి ఉన్నచోటికి కాదు, ధర ఉన్నచోటికి పోయింది.

ఇక మన వైపు చూద్దాం. మైలు పట్టాకి 1,760 నుంచి 2,000 స్లీపర్లు కావాలి. మంచి టేకు మాను ఎదగాలంటే అరవై ఏళ్లు పైమాటే. చెట్టు పెరిగినంత కాలం స్లీపరు నిలవదు, మళ్లీ నరకాలి. కాంట్రాక్టర్లు నరికిన తీరు చూసి కలప అయిపోతుందని సర్కారుకే భయం పట్టుకుంది. 1864లో అటవీ శాఖ, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. నరికింది వాళ్లు, ఆంక్షలు పడ్డది మన పోడు మీద. ఒకచోట పండించి, ఆ నేలను కొన్నేళ్లు అడవికే వదిలేసే మన పెద్దల లెక్క వాళ్ల పుస్తకంలో ఎక్కలేదు.

1879 రంప పితూరీకి కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీ, షావుకార్ల అప్పులు కారణాలు. 1922–24 మన్యం తిరుగుబాటు నాటికి అడవి ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి కూడా తోడయ్యాయి.

1997లో సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. అది కాగితం మీద ఉంటే చాలదు. రేపు గ్రామసభకు ఏ ప్రాజెక్టు వచ్చినా మనం రెండు ప్రశ్నలు అడుగుదాం: లాభం ఎన్నేళ్లకు, ఎవరికి? వాళ్లు వెళ్లిపోయాక వాగులో నీళ్లుంటాయా?

ఉద్యోగాలిస్తామన్న మాటకు చప్పట్లు కొట్టే ముందు ఈ లెక్క తేల్చుకుందాం.